మార్కుల కోసం తెరిచిన నవల నచ్చేసింది, ఇప్పుడేం చేయను?

ప్రశ్న: మేడమ్, నమస్తే. నేను పదకొండో తరగతి చదువుతున్నాను. ఈ ఏడాది ఇంగ్లీషులో మాకు చార్లెస్ డికెన్స్ రాసిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ నవల పెట్టారు. ఆ లావు చూసి క్లాసంతా గొల్లుమంది. నేనైతే గైడ్ చదివి గట్టెక్కేద్దామనుకున్నాను. సెలవుల్లో ఏమీ తోచక మొదటి అధ్యాయం తెరిచాను. ఆ తర్వాత ఆపలేకపోయాను. పిప్‌ని చూడ్డానికి జో లండన్ వచ్చే అధ్యాయంలో ఏడుపు కూడా వచ్చింది. ఈ మాట ఫ్రెండ్స్‌తో అంటే పడీపడీ నవ్వారు. టీచర్ దృష్టిలో పడ్డానికి వేషాలు అన్నారు. అప్పట్నుంచి ఎవరడిగినా నేనూ ‘బోర్’ అనే చెబుతున్నాను, కానీ లోపల ఏదోలా ఉంటోంది. అసలు నాకిది నిజంగా నచ్చిందా, లేక గొప్ప పుస్తకం అని ముందే చెప్పారు కాబట్టి నచ్చినట్టు అనిపిస్తోందా? ఇంకో సంగతి. అందరూ దీన్ని పిప్, ఎస్టెల్లాల ప్రేమకథ అంటున్నారు. నాకు ఎస్టెల్లా మీద చిరాకు తప్ప ఏమీ కలగలేదు. చివర్లో వాళ్లిద్దరూ కలిశారంటే నమ్మబుద్ధి కాలేదు. నేను తప్పుగా చదివానా? పరీక్షలో గైడ్ వాక్యాలు రాయడానికి మనసొప్పడం లేదు. సొంతంగా రాస్తే మార్కులు పోతాయేమోనని టెన్షన్. ఇలాంటివి ఇంకా చదవాలనుంది, ఏవి చదవను?

— ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, నీకు ఏడుపొచ్చిందన్న ఆ అధ్యాయం దగ్గరే మొదలుపెడతాను. నువ్వడిగిన వాటిలో చాలావాటికి జవాబు అక్కడే దొరుకుతుంది.

అది 27వ అధ్యాయం. పల్లెలో పెరిగిన పిప్, ఎవరిచ్చారో తెలియని డబ్బుతో, అప్పటికి లండన్‌లో పెద్దమనిషి కావడం నేర్చుకుంటున్నాడు. చిన్నప్పట్నుంచీ తనని కడుపులో పెట్టుకుని చూసుకున్న బావ, కమ్మరి జో, చూడ్డానికి వస్తున్నానని కబురు పంపుతాడు. డబ్బిచ్చి ఆ రాకని ఆపగలిగితే ఇచ్చి మరీ ఆపేవాణ్నని పిప్ మనతో దాచకుండా చెబుతాడు. మెట్లమీద అడుగుల చప్పుడు వినగానే వస్తున్నది జో అని అతనికి తెలిసిపోతుంది. ముఖ్యమైన రోజుల్లో మాత్రమే వేసుకునే ఆ బూట్లు జోకి ఎప్పుడూ వదులే. పైగా ప్రతి అంతస్తులోనూ ఆగి తలుపుల మీది పేర్లు చదువుకుంటూ వస్తున్నాడు, అందుకే అంతసేపు పట్టింది. చివరికి పిప్ గది ముందు ఆగి, తలుపు మీద రంగుతో రాసిన అక్షరాల వెంట వేలు పెట్టి కూడబలుక్కుంటాడు. ఆ వేలి చప్పుడు లోపలున్న పిప్‌కి వినిపిస్తుంది. ఇప్పుడు 7వ అధ్యాయం గుర్తుచేసుకో. పిప్ పలక మీద రాసి చూపించిన ఉత్తరంలో జో గుర్తుపట్టగలిగినవి తన పేరులోని రెండు అక్షరాలే. అలాంటి మనిషి ఇప్పుడు లండన్‌లో ఒక తలుపు ముందు నిలబడి పిప్ పేరు చదువుకుంటున్నాడు.

లోపలికి వచ్చాక టోపీ గొడవ. తీసి పెడతానంటే జో ఇవ్వడు. గుడ్లున్న పక్షిగూడులా దాన్ని రెండు చేతులా జాగ్రత్తగా పట్టుకుని నిలబడతాడు. ఆ తర్వాత ఫైర్‌ప్లేస్ మీది గట్టు చివర పెడతాడు. అది మాటిమాటికీ జారిపడుతుంది, అతను ఎగిరి పట్టుకుంటూ ఉంటాడు. పిప్‌తో కలిసి ఉండే స్నేహితుడు హెర్బర్ట్ మర్యాదగా టీ తాగుతారా, కాఫీ తాగుతారా అని అడుగుతుంటే జో కళ్లు టోపీ మీదే. పిప్‌ని ఒకసారి పేరు పెట్టి పిలుస్తాడు, ఇంకోసారి ‘సర్’ అంటాడు. చదువుతుంటే మనకి నవ్వొస్తుంది. నవ్వొచ్చేలాగే రాశాడు డికెన్స్.

హెర్బర్ట్ పనిమీద వెళ్లిపోయాక జో వచ్చిన పని చెబుతాడు. ఎస్టెల్లా ఇంటికొచ్చింది, నిన్ను చూస్తే సంతోషిస్తుందట. ఆ ఒక్క కబురు చెప్పడానికి అంతదూరం వచ్చాడు. భోజనానికి మళ్లీ రమ్మని పిప్ అంటే రానంటాడు. అప్పుడు నాలుగు మాటలు మాట్లాడతాడు చూడు, అక్కడ టోపీ కోసం తడబడిన మనిషి మాయమైపోతాడు. ఈ బట్టల్లో నేను నప్పను, కొలిమి దగ్గర సుత్తి చేతపట్టుకుని ఉన్నప్పుడు చూడు, నాలో ఇన్ని లోపాలు కనిపించవు అంటాడు. తప్పంతా తన మీదే వేసుకుంటాడు. ఒక్క నిష్ఠూరం ఉండదు. పిప్ నుదుటిని మెల్లిగా తాకి వెళ్లిపోతాడు. పిప్ తేరుకుని వీధిలోకి పరుగెత్తి వెతికేసరికి జో లేడు.

నీకు ఏడుపు ఎందుకొచ్చిందో నాకు తోచింది చెబుతాను. అప్పటిదాకా మనం పిప్ పక్కన కూర్చుని, పిప్ కళ్లతోనే జోని చూసి నవ్వాం. జో ఆ నాలుగు మాటలూ అనగానే మనం నవ్వింది ఎవరిని చూసో అర్థమవుతుంది. పిప్ సిగ్గుపడటానికి ముందే చదివేవాళ్లకి సిగ్గేస్తుంది. ఇదంతా డికెన్స్ ఒక్క టోపీతో చేశాడు. అది నిన్ను తాకింది.

కాబట్టి నీ మొదటి అనుమానానికి జవాబు ఇది. గొప్ప పుస్తకమని ఎవరో చెప్తే దాన్ని గౌరవిస్తాం, పక్కన పెడతాం, పరీక్షకి నాలుగు పొగడ్తలు బట్టీ పడతాం. ఫలానా అధ్యాయంలో ఫలానా మనిషి వెళ్లిపోతుంటే ఏడుపు రావడం మాత్రం ఎవరూ చెప్తే జరిగేది కాదు. నువ్వు ఉత్తరంలో ‘క్లాసిక్’ అన్న మాటే రాయలేదు, జో అని రాశావు. నచ్చిందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

సిలబస్‌లో పెట్టడం వల్లే చదివావు, నిజమే. అందులో చిన్నతనం ఏముంది? నీ అంతట నువ్వయితే అంత లావు పుస్తకం తెరిచేదానివి కాదేమో. బలవంతం నిన్ను మొదటి పేజీ దాకా తీసుకొచ్చింది. ‘ఆపలేకపోయాను’ అని నువ్వే రాశావుగా, ఆ తర్వాతి పేజీలన్నీ నీ ఇష్టంతో తిప్పినవే.

ఇంకో సంగతి తెలిస్తే నీకు ధైర్యంగా ఉంటుంది. ఈ నవల బడి పిల్లల కోసం రాసింది కాదు, వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ‘ఆల్ ది ఇయర్ రౌండ్’ అని డికెన్స్ నడిపే పత్రిక ఒకటుండేది. 1860లో అందులో వస్తున్న వేరే రచయిత సీరియల్ పాఠకులకి నచ్చక అమ్మకాలు పడిపోయాయి. పత్రికని నిలబెట్టుకోవడానికి డికెన్స్ తనే రంగంలోకి దిగాడు. 1860 డిసెంబర్ 1న మొదలై 1861 ఆగస్టు 3 దాకా, 36 వారాలు ఈ కథ నడిచింది. అంటే దీన్ని మొదట చదివినవాళ్లు వచ్చే వారం సంచిక కోసం ఎదురుచూసిన మామూలు పాఠకులు. వాళ్లకి ప్రశ్నపత్రం లేదు, గైడ్ లేదు. కథ మొదట్లోనే సంకెళ్లతో ఎదురైన ఆ ఖైదీకి పిప్ తిండి, ఆకురాయి పట్టుకెళ్తాడా, ఇంట్లో దొరికిపోతాడా అని వాళ్లు వారమంతా ఆలోచించి ఉంటారు. అధ్యాయాల చివర్లు నిన్ను ముందుకి లాగడానికి కారణం అదే. సెలవుల్లో ఏమీ తోచక తెరిచి ఆపలేకపోయిన నువ్వు, ఆ పుస్తకం ఎవరి కోసం రాశారో సరిగ్గా వాళ్లలాగే చదివావు.

ఇక స్నేహితుల సంగతి. ఇది నీ ఉత్తరంలో రెండు మూడు వాక్యాలే, కానీ నిన్ను ఎక్కువగా బాధపెడుతున్నది ఇదేనని నాకనిపించింది.

8వ అధ్యాయంలో పిప్ మొదటిసారి, ఎస్టెల్లాని పెంచుకున్న డబ్బున్న ఆవిడ మిస్ హావిషమ్ ఇంటికి వెళ్తాడు. ఎస్టెల్లాతో పేకాడతాడు. వీడి చేతులు ఎంత మోటుగా ఉన్నాయో, బూట్లు ఎంత మందంగా ఉన్నాయో అని ఆ అమ్మాయి వెక్కిరిస్తుంది. తన చేతుల గురించి సిగ్గుపడాలన్న ఆలోచనే అంతకుముందు తనకి లేదంటాడు పిప్. ఆ క్షణం దాకా ఆ చేతులు మామూలు చేతులే. ఒకరు నవ్వేసరికి చేతులు, ఆ తర్వాత కొలిమి, చివరికి జో కూడా దాచుకోవాల్సినవి అయిపోయాయి. జో లండన్ వచ్చి వెళ్లాక 28వ అధ్యాయంలో పిప్ సొంత ఊరికి వెళ్తాడు. జో ఇంట్లో దిగకుండా ఉండటానికి సాకులు వెతుక్కుంటాడు, సత్రంలో దిగుతాడు. తనని తానే మోసం చేసుకుంటున్నట్టు తెలిసి కూడా చేస్తాడు.

నీకూ అదే జరుగుతోందని నేననను. ఫ్రెండ్స్ ముందు ఒకసారి ‘బోర్’ అనడం పెద్ద నేరమేమీ కాదు. కానీ లోపల ఏదోలా ఉంటోందని నువ్వే రాశావు. ఆ ‘ఏదోలా’ని పట్టించుకో. నచ్చినదాన్ని నచ్చలేదని పదిసార్లు చెబితే, చెప్పిన నోటికి అది అలవాటైపోతుంది. కొన్నాళ్లకి పుస్తకం తెరిచినప్పుడు కూడా ఆ మాటే ముందు గుర్తొస్తుంది.

సిగ్గు మనిషిని ఏం చేస్తుందో డికెన్స్‌కి పుస్తకాలు చెప్పనక్కర్లేదు. 1824లో, పన్నెండేళ్ల వయసులో ఆయన బూటు పాలిష్ తయారుచేసే చోట డబ్బాలకి లేబుళ్లు అంటించే పనిలో చేరాల్సొచ్చింది. ఆ రోజుల్లోనే తండ్రి అప్పులు తీర్చలేక మార్షల్సీ జైలుకి వెళ్లాడు. పేరూ డబ్బూ వచ్చాక కూడా డికెన్స్ ఈ సంగతి బయటపెట్టలేదు. దగ్గరివాళ్లకి తప్ప తెలియదు. ఆయన పోయాక స్నేహితుడు జాన్ ఫార్స్టర్ రాసిన జీవితచరిత్రతోనే లోకానికి తెలిసింది. పిప్ సిగ్గు అంత నిజంగా అనిపించడానికి ఇది కూడా ఒక కారణమని నేను నమ్ముతాను.

మరి ఫ్రెండ్స్‌తో ఏం చేయాలి? వాదనకి దిగకు. ‘ఇది చాలా గొప్ప నవల, మీకు తెలీదు’ అంటే ఎవరికైనా చిర్రెత్తుకొస్తుంది. నవ్వినంత మాత్రాన వాళ్లు చెడ్డవాళ్లూ కారు. అందరూ కలిసి ఒక పుస్తకాన్ని తిట్టుకోవడంలో ఒక స్నేహం ఉంటుంది, నువ్వు అందులోంచి పక్కకి జరిగినట్టు వాళ్లకి అనిపించి ఉంటుంది. పుస్తకాన్ని వెనకేసుకు రావడం మానేసి, అందులోంచి ఒక్క దృశ్యం చెప్పు. మిస్ హావిషమ్ గది చెప్పు. పెళ్లి రోజు ఉత్తరం అందిన క్షణంలో, తొమ్మిదికి ఇరవై నిమిషాలుండగా గడియారాలన్నీ ఆపేసింది. ఏళ్ల తర్వాత కూడా అదే పెళ్లి గౌను, ఒక కాలికే చెప్పు, రెండోది ఇంకా బల్లమీదే. పక్కగదిలో పెళ్లి కేకు అలాగే ఉంది, దాంట్లోంచి సాలెపురుగులు వస్తూ పోతూ ఉన్నాయి. ఇది విన్నాక ‘ఎందుకలా చేసింది?’ అని ఒక్కరైనా అడుగుతారు. అడిగినవాళ్లకి మిగతాది చెప్పు. ఎవరూ అడక్కపోయినా పర్వాలేదు, నువ్వు మాత్రం ‘బోర్’ అనడం ఆపెయ్. ‘నాకు నచ్చింది’ అని ఒక్క ముక్క చెప్పి వేరే మాటల్లోకి వెళ్లిపో. నువ్వు గింజుకోకపోతే ఏడిపించేవాళ్లకి సరదా ఎక్కువసేపు నిలవదు.

ఎస్టెల్లా మీద చిరాకు రావడం తప్పుగా చదవడమేమీ కాదు. నా లెక్క ప్రకారం ఈ నవలకి ప్రాణం ఇద్దరు మనుషుల్లో ఉంది, జోలోనూ, చాటుగా పిప్‌కి డబ్బిచ్చి పెద్దమనిషిని చేసిన ఆ ఖైదీ మాగ్విచ్‌లోనూ. చదువూ డబ్బూ హోదా లేని ఈ ఇద్దరూ పిప్‌ని ప్రేమించినంతగా ఇంకెవరూ ప్రేమించలేదు, పిప్ సిగ్గుపడింది కూడా వాళ్లని చూసే. ప్రేమకథ అనాలంటే నేను దీన్నే అంటాను. అయినా ఎస్టెల్లా విషయంలో నీకొక పని చెబుతాను. 38వ అధ్యాయం ఇంకోసారి చదువు. తన మీద ప్రేమ లేదని మిస్ హావిషమ్ నిలదీస్తే, నువ్వెలా తయారుచేశావో నేను అలాగే ఉన్నాను అంటుంది ఎస్టెల్లా. కేకలు లేవు, కన్నీళ్లు లేవు. పిప్‌ని కూడా ఆమె మోసం చేయలేదు, నా దగ్గర మనసు లేదు జాగ్రత్త అని ముందునుంచీ చెబుతూనే ఉంది, వినిపించుకోనిది పిప్. ఇంత చదివాక కూడా చిరాకు పోకపోతే ఉండనీ, కనీసం ఆ చిరాకులో కొంత మిస్ హావిషమ్ వైపు మళ్లుతుందేమో చూడు.

ముగింపు నమ్మబుద్ధి కాలేదన్నావు. అలా అనుకున్నది నువ్వొక్కదానివే కాదు. డికెన్స్ మొదట రాసిన ముగింపు వేరు. అందులో ఎస్టెల్లా మొదటి భర్త చనిపోయాక ఒక డాక్టర్ని పెళ్లి చేసుకుంటుంది. ఏళ్ల తర్వాత లండన్ వీధిలో పిప్‌కి ఎదురుపడుతుంది. జో కొడుకు, పిప్ పేరే పెట్టిన పిల్లాడు, అతని చెయ్యి పట్టుకుని నడుస్తుంటాడు. ఆ పిల్లాడు పిప్ కొడుకే అనుకుంటుంది ఆమె. ఇద్దరూ చేతులు కలుపుతారు, రెండు మాటలు, ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. అచ్చు కాకముందు ఇది చదివిన స్నేహితుడు, నవలా రచయిత బుల్వర్ లిట్టన్, మార్చమని పట్టుబట్టాడు. డికెన్స్ మార్చాడు. ఇప్పుడు నీ పుస్తకంలో ఉన్నది ఆ మారిన ముగింపు. మొదటిది డికెన్స్ పోయాక ఫార్స్టర్ పుస్తకంలో బయటికొచ్చింది. నాటకకర్త బెర్నార్డ్ షా 1937లో వచ్చిన ఒక ప్రత్యేక ముద్రణలో మొదటి ముగింపునే పెట్టించాడు. ఏది సరైనదన్న వాదన ఇప్పటికీ తెగలేదు. ఇంకోటి గమనించు. మారిన ముగింపులో కూడా పెళ్లి జరిగిందని ఎక్కడా లేదు. చేయి పట్టుకుని ఆ పాడుబడ్డ చోటునుంచి బయటికి వస్తూ, ఇక విడిపోయే ఛాయ తనకి కనిపించలేదని పిప్ అంటాడు. ఎస్టెల్లా విషయంలో పిప్‌కి కనిపించినవన్నీ నిజమయ్యాయా చెప్పు? ‘కలిశారు’ అన్నది గైడ్ తేల్చేసిన మాట, డికెన్స్ అంత తేల్చి చెప్పలేదు.

ఇప్పుడు పరీక్ష. దీని మీద కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నీకు నచ్చినదీ మార్కులు వచ్చేదీ వేరువేరని నువ్వనుకుంటున్నావు. చాలావరకు రెండూ ఒకటే.

గైడ్ వాక్యాలు ఎలా ఉంటాయో నీకు తెలుసు. ‘పిప్ అహంకారం నుంచి వినయం వైపు ప్రయాణిస్తాడు’ లాంటివి. తప్పని కాదు. పుస్తకం తెరవనివాళ్లు కూడా రాయగలరు, అదే దాంతో చిక్కు. పేపర్ దిద్దేవాళ్లు అదే వాక్యాన్ని అన్ని జవాబుల్లోనూ చూస్తారు. నువ్వు అదే విషయాన్ని పుస్తకంలో కంటికి కనిపించే ఒక చిన్న వస్తువుతో మొదలుపెట్టు. టోపీతో మొదలుపెట్టొచ్చు. నేనైతే నీకు చేతులు చూపిస్తాను.

ఎస్టెల్లా మొదటి రోజే వెక్కిరించింది పిప్ చేతుల్ని. లాయర్ జాగర్స్ ఒక్కో కేసు ముగించుకుని వచ్చి సువాసన సబ్బుతో చేతులు కడుక్కుంటాడు, ఆ మనుషుల్ని ఒంటి మీంచి వదిలించుకుంటున్నట్టు. అతని ఇంట్లో పనిచేసే మోలీ మణికట్టు మీది మచ్చల్ని పట్టి అందరికీ చూపిస్తాడు. ఆ తర్వాత మోలీ వేళ్లు చూసి, ఎస్టెల్లా అల్లుతున్న వేళ్లు గుర్తొచ్చే, ఆమె ఎస్టెల్లా తల్లి అన్న పెద్ద రహస్యాన్ని పిప్ పట్టుకుంటాడు. 39వ అధ్యాయంలో, ఆ తుఫాను రాత్రి, మాగ్విచ్ రెండు చేతులూ చాచి పిప్ గదిలోకి వస్తాడు. పిప్ ఇష్టం లేకుండానే చేతులిస్తాడు, అతన్ని చూసి ముడుచుకుపోతాడు. ఇప్పుడు 56వ అధ్యాయానికి రా. కోర్టులో ఒకేసారి ముప్పై రెండు మందికి మరణశిక్ష చదువుతున్నారు. వాళ్లలో మాగ్విచ్ ఒకడు. నిండు కోర్టులో, అందరూ చూస్తుండగా, పిప్ అతని చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. మోటు చేతులున్నందుకు కుమిలిపోయిన కుర్రాడే ఆ చెయ్యి పట్టుకున్నది.

‘పిప్‌లో వచ్చిన మార్పును వివరించండి’ అని అడిగితే ఈ నాలుగైదు చోట్లు వరసగా రాయి. ‘అహంకారం, వినయం’ అన్న మాటలు చివర్లో ఒక వాక్యంలో వాడుకో, అడిగిన ప్రశ్నకి జవాబు సూటిగా ఉండాలి కాబట్టి. గైడ్‌లో ఉన్న పాయింట్లన్నీ నీ జవాబులోనూ ఉంటాయి, తేడా ఏమిటంటే ప్రతి పాయింట్ కింద నువ్వు చూసిన సాక్ష్యం ఉంటుంది. దిద్దేవాళ్లలో రకరకాలవాళ్లుంటారు, నిజమే. పాయింట్లు లెక్కపెట్టి మార్కులేసేవాళ్లకి పాయింట్లు దొరుకుతాయి. చదివి మార్కులేసేవాళ్లకి ఒక మనిషి చదివి రాసిన జవాబు దొరుకుతుంది. జడుసుకోవాల్సిన పనిలేదు. ఒక్కటి మాత్రం జాగ్రత్త. ‘నాకు చాలా నచ్చింది, అద్భుతంగా ఉంది’ అని రాయకు. నచ్చిందన్న సంగతి నువ్వు ఎంచుకున్న వివరాల్లోనే తెలిసిపోతుంది.

గైడ్‌ని పారేయమని కూడా అనను. జో దగ్గర పనిచేసిన ఓర్లిక్, మాగ్విచ్ శత్రువు కాంపీసన్ల గొడవల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో తికమకగా ఉంటే అది చూసుకో, అందుకు బాగా పనికొస్తుంది. ఆ సున్నపు బట్టీ దగ్గర ఓర్లిక్ పిప్‌ని కట్టేసే అధ్యాయం నాకు ఎప్పుడూ అతిగానే అనిపిస్తుంది. ప్రతి వారం పాఠకుల్ని కట్టిపడేయాల్సిన సీరియల్ కాబట్టి అలాంటివి పడ్డాయని సరిపెట్టుకుంటాను. అలాగే మొదటిసారి చదివినప్పుడు నువ్వు దాటేసిన పేజీలేమైనా ఉంటే, వాటి గురించి బెంగ పెట్టుకోకు. రెండోసారి చదివేటప్పుడు జో మాటలు, మాగ్విచ్ మాటలు పైకి చదువు. వాళ్లు పలికినట్టే డికెన్స్ స్పెల్లింగులు మార్చి రాశాడు. కంటితో చూస్తే అడ్డంగా ఉండే ఆ మాటలు చెవితో వింటే ఇట్టే అర్థమవుతాయి.

చివరి ప్రశ్న, ఇంకా ఏం చదవాలి అని. ‘చదివి తీరాల్సిన వంద పుస్తకాలు’ లాంటి జాబితాల జోలికి వెళ్లకు. ఈ నవలలో నిన్ను పట్టుకున్నదేదో దాని వెంటే వెళ్లు. జోనే అయితే జార్జ్ ఎలియట్ ‘సైలస్ మార్నర్’ తీసుకో. అది కూడా 1861లోనే వచ్చింది, దీంతో పోలిస్తే చాలా చిన్నది. ఒంటరి నేతగాడు, దాచుకున్న బంగారం పోగొట్టుకున్నవాడు, తన గుమ్మంలోకి వచ్చిన పసిపిల్లని పెంచుకుంటాడు. తన రక్తం కాని బిడ్డని ప్రేమించే మనిషి కథ కాబట్టి జో నచ్చినవాళ్లకి నచ్చే అవకాశం ఎక్కువ. మిస్ హావిషమ్ ఇల్లు నిన్ను వెంటాడుతుంటే షార్లెట్ బ్రాంటీ ‘జేన్ ఎయిర్’, 1847లో వచ్చింది. అందులోనూ అవమానాలు మింగిన చిన్నపిల్ల, రహస్యం దాచిన పెద్ద ఇల్లు ఉన్నాయి, కానీ జేన్ పిప్‌లా లొంగదు, ఎదురు తిరుగుతుంది. మాగ్విచ్ దగ్గర నీ మనసు ఆగిపోతే మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ చదువు. 1818లో వచ్చిన ఆ నవలని మొదలుపెట్టేనాటికి ఆమెకి పద్దెనిమిదేళ్లు, అంటే నీకంటే పెద్ద తేడా లేదు. తను సృష్టించిన జీవి తరుముతుంటే పారిపోయే విద్యార్థి కథ అది. మాగ్విచ్ వచ్చిన తర్వాతి రోజుల్లో, 40వ అధ్యాయంలో, పిప్ తనని ఆ విద్యార్థితోనే పోల్చుకుంటాడు. నన్ను తయారుచేసినవాడే నన్ను తరుముతున్నాడు అంటాడు. అది చదివి మళ్లీ ఈ అధ్యాయానికి వస్తే ఆ వాక్యం బరువు తెలుస్తుంది.

పిప్ గొంతు, అంటే పెద్దయ్యాక చిన్నప్పటి తనని దాచకుండా చెప్పుకునే ఆ తీరు నచ్చితే, డికెన్స్‌దే ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ ఉంది. పిప్ కథ మొదలుపెట్టే ముందు, చెప్పిందే చెప్పకుండా ఉండటానికి ఆయన దాన్ని మళ్లీ చదువుకున్నాడు. అది నువ్వు చదివినదానికంటే చాలా పెద్దది, మొదలుపెడితే మిగతా సబ్జెక్టులు వెనకబడతాయి. పరీక్షలయ్యాకే తెరువు.